హైదరాబాద్ నెంబర్ 12ఏ

లండన్ ఉత్తర శివారులో హెండన్ అనే చోట రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం ఉంది. అందులో మొదటి ప్రపంచయుద్ధం నాటి బాంబర్ ఒకటి నిలబెట్టి ఉంచారు. కర్ర చట్రం, దాని మీద బిగించి కట్టిన గుడ్డ, ఒకదాని మీద ఒకటి రెండు వరసల రెక్కలు, ముందు పెద్ద ఇంజను, వెనక పైకప్పు లేని రెండు సీట్లు. రకం పేరు డీహెచ్-9ఏ. సీరియల్ నెంబరు ఎఫ్1010. దానికి ఇంకో పేరు కూడా ఉంది: హైదరాబాద్ నెంబర్ 12ఏ. హైదరాబాద్ నిజాం బహూకరించిన విమానం అని దాని ఒంటి మీదే రాసి ఉంటుంది.

హైదరాబాద్ చరిత్ర ఇష్టంగా చదివేవాళ్ళకి ఈ బహుమతి సంగతి కొత్తేం కాదు. ఏడో నిజాం మీద వాట్సాప్‌లో తిరిగే పొగడ్తల్లో ఇదీ ఒకటి: బ్రిటన్‌కే విమానాలు కొనిపెట్టిన నవాబు అని. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ అసలు ప్రశ్నలు ఆ మాట ఆగిపోయిన చోట మొదలవుతాయి. కొన్నాక ఆ విమానాలు ఏం చేశాయి? ఎవరి మీద చేశాయి? డబ్బు ఎవరిది? ఇచ్చినాయనకి తిరిగి ఏం దక్కింది?

ఒక బాంబర్ స్క్వాడ్రన్ చరిత్రని మామూలుగా అయితే అది పుట్టిన ఎయిర్‌ఫీల్డ్ నుంచి మొదలుపెడతారు. దీన్ని మాత్రం సికింద్రాబాద్ నుంచి మొదలుపెట్టాలి. ఎందుకో చెప్తాను.

లష్కర్ అనే ఊరు

సికింద్రాబాద్‌ని పాతవాళ్ళు ఇప్పటికీ లష్కర్ అంటారు. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి గుడి దగ్గర జరిగేవి లష్కర్ బోనాలు. లష్కర్ అంటే సైన్యం, సైన్యం దిగిన చోటు. ఆ గుడి పుట్టుక కథలో కూడా సైన్యమే ఉంది. ఫౌజులో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినికి వెళ్ళినప్పుడు, ఇక్కడ కలరా తగ్గితే అమ్మవారికి గుడి కడతానని మొక్కుకున్నాడని చెబుతారు.

ఆ ఫౌజు నిజాంది కాదు, ఈస్టిండియా కంపెనీది. జీతాలు మాత్రం నిజాం ఖజానావి. స్కూల్లో సోషల్ పుస్తకంలో ‘సైన్య సహకార పద్ధతి’ అని బట్టీ పట్టాం కదా, అది ఇదే. 1798లో నిజాం అలీఖాన్ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. కంపెనీ సైన్యం హైదరాబాద్‌ని కాపాడుతుంది, దాని ఖర్చు హైదరాబాద్ భరిస్తుంది. హుస్సేన్‌సాగర్‌కి ఉత్తరాన ఆ సైన్యం గుడారాలు వేసింది. 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద ఆ దండు సికింద్రాబాద్ అయింది. అంటే మన ఊరు మొదట ఒక బిల్లు. ఊరు తర్వాత అయింది.

ఆ బిల్లు ఎంత పెద్దదో తెలియాలంటే సినిమా కలెక్షన్ల పోస్టర్ చూడండి. నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఆంధ్రా ఇంత అని ఉంటుంది. సీడెడ్ అంటే ‘ఇచ్చేసిన’ జిల్లాలు. ఎవరు ఇచ్చేశారు? 1800లో, ఈ సైన్యం ఖర్చు కిందే, నిజాం కంపెనీకి రాసిచ్చేసిన బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలవి. రెండువందల ఏళ్ళ కిందటి ఆ బాకీ పేరుతోనే డిస్ట్రిబ్యూటర్లు ఇవాళ్టికీ రాయలసీమలో సినిమాలు అమ్ముకుంటున్నారు.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అని ఇంకో సైన్యం తయారైంది. బొల్లారం దాని కేంద్రం. అధికారులు ఇంగ్లీషువాళ్ళు, జీతాలు నిజాంవి. ఆ జీతాలు కట్టడానికి చందూలాల్ కాలంలో పామర్ కంపెనీ దగ్గర పెద్ద వడ్డీకి అప్పులు చేశారు. అప్పు తీరలేదు. 1853లో పత్తి పండే బేరార్ ప్రాంతాన్ని ఆ బాకీ కింద బ్రిటిష్‌వాళ్ళ చేతికి ఇవ్వాల్సి వచ్చింది. 1902లో కర్జన్ దాన్ని ఏడాదికి 25 లక్షల రూపాయలకి శాశ్వత కౌలు కింద మార్చేశాడు.

ఈ నేపథ్యం లేకుండా 1918 నాటి విమానాల బహుమతిని చూస్తే అది ఒక నవాబు దర్జాలాగే కనిపిస్తుంది. దీన్ని పక్కన పెట్టుకుని చూస్తే నూట ఇరవై ఏళ్ళ అలవాటులో ఇంకో వాయిదా. ఎవరి సైన్యానికో డబ్బు కట్టడం, ఆ కట్టినందుకు గౌరవం దక్కుతుందని ఎదురుచూడటం.

రెండు నెలల యుద్ధం

మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దెనెక్కాడు. మూడేళ్ళకే యుద్ధం వచ్చింది. బ్రిటన్‌కి ఎదురుగా నిలబడ్డవాళ్ళలో టర్కీ సుల్తాన్ ఉన్నాడు. ఆయన ముస్లిం ప్రపంచానికి ఖలీఫా కూడా. ఇండియాలో ముస్లింలు ఎటు మొగ్గుతారోనని బ్రిటిష్ ప్రభుత్వానికి గుబులు పట్టుకుంది. అలాంటి సమయంలో, 1914 నవంబర్‌లో, బ్రిటిష్ ప్రభుత్వానికి విధేయంగా ఉండమని నిజాం ఒక ప్రకటన ఇచ్చాడు. దేశంలోకెల్లా పెద్ద సంస్థానం, అదీ ముస్లిం పాలకుడిది. ఆ ప్రకటన విలువ రూపాయల్లో కొలిచేది కాదు. రూపాయలు కూడా ఇచ్చాడు, అది వేరే. హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టుకీ పాలస్తీనాకీ వెళ్ళారు. ఢిల్లీలో తీన్‌మూర్తి చౌరస్తాలో ఉన్న ముగ్గురు సైనికుల విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్‌ది, మిగతా రెండూ మైసూరు, జోధ్‌పూర్‌లవి.

ఇక స్క్వాడ్రన్ సంగతి. 110 స్క్వాడ్రన్ 1917 నవంబర్ 1న ఇంగ్లండ్‌లో రెండ్‌కోంబ్ దగ్గర ఏర్పడింది. యుద్ధరంగంలోకి డీహెచ్-9ఏ విమానాలతో దిగిన మొట్టమొదటి స్క్వాడ్రన్ ఇదే. ఆ మొదటి విమానాలన్నీ నిజాం బహుమతి. ఒక్కోదాని మీద ఆ సంగతి రాసి ఉండేది. దాంతో ఆ దళానికి ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అనే పేరు స్థిరపడిపోయింది. తర్వాత వచ్చిన అధికారిక చిహ్నంలో కిరీటం నుంచి పైకి లేస్తున్న సగం పులి ఉంటుంది, నిజాం చిహ్నం నుంచి తీసుకున్నది. కింద లాటిన్‌లో ఒక నినాదం. భయపడను, చులకనగా చూడను అని దాని అర్థం.

డీహెచ్-9ఏకి ముందు డీహెచ్-9 అని ఒక వెర్షన్ ఉంది. దాని ఇంజను బలహీనం. బాంబులు ఎత్తుకుని తగినంత పైకి వెళ్ళలేక, శత్రు ఫైటర్ల చేతికి చిక్కేది. అందుకని డిజైన్ మార్చి, రెక్కలు పెంచి, 400 హార్స్‌పవర్ ఉన్న అమెరికన్ లిబర్టీ ఇంజను పెట్టారు. మనవాళ్ళ భాషలో చెప్పాలంటే, బగ్స్ ఉన్న రిలీజ్‌ని సరిచేసి ఇచ్చిన తర్వాతి రిలీజ్. ఇది మోసేది సుమారు 660 పౌండ్ల బాంబులు, అంటే 300 కిలోలు. ఈ కాలపు లెక్కలో ఇదేం బరువు అనిపిస్తుంది. అప్పట్లో దీన్ని ‘డే బాంబర్’ అనేవాళ్ళు, ‘హెవీ’ అనే మాట రాత్రిపూట ఎగిరే హ్యాండ్లీ పేజ్ విమానాలకి వాడేవాళ్ళు. కానీ పగటివీ రాత్రివీ ఒకే దళంలో, ఒకే పని మీద ఎగిరాయి.

ఆ దళం పేరు ఇండిపెండెంట్ ఫోర్స్. 1918 జూన్‌లో ట్రెంచర్డ్ నాయకత్వంలో ఫ్రాన్స్‌లో నాన్సీ పరిసరాల్లో పెట్టారు. దేని నుంచి ఇండిపెండెంట్? నేల మీద జరుగుతున్న యుద్ధం నుంచి. కందకాల్లో ఉన్న సిపాయిలకి సాయం చెయ్యడం దాని పని కాదు. వాళ్ళని దాటి వెళ్ళి జర్మనీలోని ఫ్యాక్టరీలనీ, రైల్వే జంక్షన్లనీ, ఊళ్ళనీ కొట్టడం దాని పని. బాంబు వల్ల జరిగే వస్తు నష్టం కంటే మనుషుల మనసు మీద పడే దెబ్బ ఇరవై రెట్లు ఎక్కువని ట్రెంచర్డ్ రాశాడు. ఆ ఇరవై ఎక్కడి నుంచి వచ్చిందో కొలిచి చెప్పినవాళ్ళు లేరు. కానీ తర్వాతి పాతికేళ్ళ పాటు బాంబర్లని నమ్మినవాళ్ళందరికీ అదే మూలమంత్రం అయింది. శత్రువు అంటే సైనికుడు మాత్రమే కాదు, ఊళ్ళో ఉన్న జనం కూడా అనే ఆలోచన అధికారిక విధానంగా మారుతున్న రోజులు అవి. మన ఊరి పేరు సరిగ్గా ఆ మలుపులో నిలబడి ఉంది.

110 స్క్వాడ్రన్ 1918 సెప్టెంబర్ 1న ఫ్రాన్స్‌లో బెటాంకోర్ట్‌కి చేరింది. సెప్టెంబర్ 14న మొదటి దాడి. నవంబర్ 11న యుద్ధం ముగిసింది. మొత్తం యుద్ధం రెండు నెలలే. ఆ రెండు నెలల్లో ఏం జరిగిందో చూడండి. సెప్టెంబర్ 25న ఫ్రాంక్‌ఫర్ట్ మీదకి వెళ్ళినప్పుడు నాలుగు విమానాలు తిరిగి రాలేదు. అక్టోబర్ 5న ఇంకో నాలుగు. అక్టోబర్ 21న కొలోన్ మీదకని పదమూడు బయల్దేరితే, మబ్బుల్లో చెదిరిపోయి ఏడు పోయాయి. శత్రువు చేతిలో పోయినవి మొత్తం 17. ప్రమాదాల్లో విరిగిపోయినవి 28. ఒక స్క్వాడ్రన్‌కి ఉండేవే 18 విమానాలు. అంటే రెండు నెలల్లో దళం మొత్తం రెండున్నర సార్లు ఖర్చయిపోయింది.

వేసిన బాంబులు? పదిన్నర టన్నులు. ఇండిపెండెంట్ ఫోర్స్ మొత్తం వేసిన 550 టన్నుల్లో రెండు శాతం.

ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తల తిరుగుతుంది. పదిన్నర టన్నుల బాంబుల కోసం 45 విమానాలు. ఒక్కో విమానంలో ఇద్దరు మనుషులు, ఎక్కువ మంది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళు. పైకప్పు లేని సీట్లో, వేల అడుగుల ఎత్తున, గడ్డకట్టే చలిలో గంటల ప్రయాణం. పారాచూట్లు లేవు. మంటలంటుకుంటే ఉన్న దారులు రెండే: కాలిపోవడం, దూకేయడం.

హెండన్‌లో ఉన్న ఎఫ్1010 పోయింది అక్టోబర్ 5న. కెప్టెన్ ఇంగ్లిస్, సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ అనే ఇద్దరు దాన్ని నడిపారు. జర్మన్ నేల మీద దిగాల్సి వచ్చి ఇద్దరూ బందీలయ్యారు. విమానం పెద్దగా పాడవకుండా జర్మన్ల చేతికి చిక్కింది. తర్వాత దాన్ని బెర్లిన్‌లోని విమాన మ్యూజియంలో పెట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో బెర్లిన్ మీద బాంబుల వాన కురుస్తుంటే ఆ సేకరణలో కొంత భాగాన్ని తూర్పుకి తరలించారు. జర్మనీ మీద బాంబులు వెయ్యడానికి పుట్టిన విమానం, జర్మనీ మీద పడుతున్న బాంబుల నుంచి ప్రాణం కాపాడుకుంటూ పోలండ్ చేరింది. అక్కడ క్రాకోవ్ మ్యూజియంలో చాలా ఏళ్ళు ఉంది. 1977లో బ్రిటన్‌వాళ్ళు బదులుగా ఒక స్పిట్‌ఫైర్‌ని ఇచ్చి దీన్ని ఇంటికి తెచ్చుకున్నారు. ఇంటికి అన్నాను గానీ, ఏది దాని ఇల్లు?

డబ్బు ఎవరిది

ఆ విమానాల్ని నడిపినవాళ్ళు హైదరాబాదీలు కారు. ఆ యుద్ధంలో బ్రిటిష్ విమానదళంలో పైలట్లుగా ఎగిరిన భారతీయులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. హైదరాబాద్ స్క్వాడ్రన్‌లో హైదరాబాద్‌ది ఉన్నది డబ్బొక్కటే.

ఆ డబ్బు నిజాం సొంతమా, సర్కారుదా అని వాదించుకోవచ్చు. సర్ఫెఖాస్ అంటే నవాబు సొంత ఖర్చుకి కేటాయించిన ఊళ్ళ ఆదాయం. దివానీ అంటే ప్రభుత్వ ఖజానా. పెట్టెలు రెండు కావచ్చు, రెండిట్లోనూ పడేది ప్రధానంగా భూమి శిస్తే. చెలకల్లో జొన్న పండించిన రైతు, చెరువు కింద వరి వేసిన రైతు, మరాఠ్వాడాలో పత్తి వేసిన రైతు. వీళ్ళలో ఎవరికీ ఫ్రాంక్‌ఫర్ట్ పేరు తెలిసే అవకాశం లేదు. ఆ కాలపు తెలంగాణలో వెట్టి ఎలా ఉండేదో వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’లో, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’లో చదివాం. ఆ నవలల్లోని మనుషుల తల్లిదండ్రులే ఈ విమానాలకి డబ్బు కట్టినవాళ్ళు. వాళ్ళ పేరు ఏ రెక్క మీదా రాయలేదు.

అదే ఏడాది ఇక్కడ ఏం జరుగుతోందో కూడా చూడాలి. 1918 చివర్లో ఇన్‌ఫ్లుయెంజా దేశం మొత్తాన్ని ఊడ్చేసింది. దానికి తోడు వానలు పడలేదు, కరువు. ప్లేగు అంతకుముందు నుంచే ఉంది. 1911 జనాభా లెక్కల్లో హైదరాబాద్ రాజ్యంలో ఉన్నది సుమారు ఒక కోటీ 33 లక్షల 70 వేల మంది. 1921కి ఒక కోటీ 24 లక్షల 70 వేలు. పదేళ్ళలో పెరగాల్సిన జనం తొమ్మిది లక్షలు తగ్గారు. పుట్టి పెరగాల్సినవాళ్ళని కూడా లెక్కలో వేసుకుంటే లోటు ఇంకా పెద్దది.

న్యాయంగా ఇంకో వైపు కూడా చెప్పాలి. అదే ఖజానా నుంచి అదే ఏళ్ళలో 1908 మూసీ వరద తర్వాతి నగరం లేచింది. 1920లో ఉస్మాన్‌సాగర్ పూర్తయింది. మనం చాలా ఏళ్ళు తాగిన గండిపేట నీళ్ళు అవే. హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి, ఉర్దూ మీడియంలో ఉన్నత విద్య చెప్పిన ఉస్మానియా యూనివర్సిటీ, అన్నీ ఆ దశాబ్దం చుట్టుపక్కలే. కాబట్టి ఆయన్ని పిసినారి రాక్షసుడని కొట్టిపారెయ్యడం కుదరదు. మహాదాత అని దండం పెట్టడమూ కుదరదు. ఒకే చెయ్యి చెరువు తవ్వించింది, బాంబర్లూ కొంది. రెండిటికీ అడగనిది మాత్రం ఒకళ్ళనే: డబ్బు కట్టినవాళ్ళని.

పేరు తిరిగిన ఊళ్ళు

యుద్ధం అయిపోయింది, 1919లో 110 స్క్వాడ్రన్‌ని రద్దు చేశారు. డీహెచ్-9ఏకి మాత్రం అప్పుడే పని మొదలైంది. 1920లలో ఇరాక్‌లోనూ, వాయవ్య సరిహద్దులోనూ బ్రిటిష్ విమానదళానికి అదే ముఖ్యమైన బాంబర్. తిరగబడ్డ తెగల ఊళ్ళ మీద పైనుంచి బాంబులు వేసి దారికి తెచ్చే పద్ధతికి ‘ఎయిర్ కంట్రోల్’ అని ముద్దుపేరు. సిపాయిల్ని పంపడం కంటే చవక. 1925లో మార్చి నుంచి మే దాకా వజీరిస్తాన్‌లో నేల సైన్యంతో పనిలేకుండా ఒట్టి విమానాలతోనే ఒక యుద్ధం నడిపారు. నడిపిన అధికారి పేరు మీద దాన్ని ‘పింక్స్ వార్’ అంటారు. అందులో 27, 60 స్క్వాడ్రన్ల డీహెచ్-9ఏలు ఉన్నాయి. హైదరాబాద్ డబ్బుతో తొలిసారి యుద్ధానికి వెళ్ళిన రకం, ఏడేళ్ళకల్లా అదే సామ్రాజ్యంలోని పేదల ఇళ్ళ మీద తిరుగుతోంది.

అదే సంవత్సరం డిసెంబర్‌లో ఇంకో విచిత్రం. హ్యాండ్లీ పేజ్ కంపెనీ తయారుచేసిన కొత్త హెవీ బాంబర్ స్క్వాడ్రన్లలోకి వచ్చింది. రెండు ఇంజన్లు, నలుగురు మనుషులు, 1,100 పౌండ్ల బాంబులు. బ్రిటిష్ విమానదళం వాడిన చివరి చెక్క హెవీ బాంబర్ అది. దాని పేరు ‘హైదరాబాద్’. ఇది బహుమతి పేరు కాదు. బాంబర్లకి సామ్రాజ్యంలోని ఊళ్ళ పేర్లు పెట్టే అలవాటు ఉండేది, హ్యాండ్లీ పేజ్ అయితే ‘హ’తో మొదలయ్యే పేరు కావాలి. హైదరాబాద్ తర్వాత వచ్చిన విమానం హినైదీ. అది బాగ్దాద్ పక్కన ఉన్న బ్రిటిష్ ఎయిర్‌బేస్ పేరు. తర్వాత హేఫోర్డ్, హారో, హాంప్డెన్, హాలిఫాక్స్. వేరియబుల్స్‌కి ఒక కన్వెన్షన్ ప్రకారం పేర్లు పెట్టినట్టు, ఊళ్ళ పేర్లు బాంబర్లకి తగిలించారు. ఆ పట్టికని చదివితే సామ్రాజ్యం మ్యాపు చదివినట్టే ఉంటుంది.

‘హైదరాబాద్’ బాంబర్‌ని మొదట అందుకున్నది 99 స్క్వాడ్రన్. 1918లో ఇండిపెండెంట్ ఫోర్స్‌లో 110తో పాటు ఎగిరిన దళమే. రెండో ప్రపంచయుద్ధం నాటికి దీనికీ ఒక పేరు వచ్చింది: మద్రాస్ ప్రెసిడెన్సీ స్క్వాడ్రన్. అంటే సర్కారు జిల్లాలూ, సీమా ఒక దాని మీద, తెలంగాణ ఇంకోదాని మీద. తెలుగువాళ్ళు మొత్తం రెండు బాంబర్ స్క్వాడ్రన్ల పేర్ల కింద సర్దుకుపోయారు.

నమ్మకమైన మిత్రుడు

ఇంతా ఇచ్చిన నిజాంకి ఏం వచ్చింది? 1918లో బిరుదులు వచ్చాయి. మిగతా రాజులందరూ ‘హిజ్ హైనెస్’ అయితే ఈయన ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’. దాంతోపాటు ‘బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడు’ అనే హోదా. మిత్రుడు అనే మాటని ఆయన నిజంగానే నమ్మినట్టున్నాడు. 1923లో బేరార్‌ని తిరిగి ఇమ్మని వైస్రాయ్ రీడింగ్‌కి రాశాడు. తాను సమాన హోదాలో మాట్లాడుతున్నానని ఆయన ఉద్దేశం. 1926 మార్చిలో రీడింగ్ జవాబు వచ్చింది. ఇండియాలో బ్రిటిష్ కిరీటానిదే పైచెయ్యి, ఏ సంస్థానాధీశుడూ దానితో సమానంగా కూర్చుని బేరమాడలేడు అని దాని సారాంశం. మిత్రుడు అన్నది బిరుదు, చుట్టరికం కాదు. బేరార్ రాలేదు. 1936లో ‘హైదరాబాద్ అండ్ బేరార్ నిజాం’ అని పిలిపించుకునే హక్కు, పెద్దకొడుక్కి ‘ప్రిన్స్ ఆఫ్ బేరార్’ బిరుదు వచ్చాయి. భూమి వాళ్ళ దగ్గరే ఉంది, పేరు ఈయనకి దక్కింది.

అయినా రెండో యుద్ధం రాగానే మళ్ళీ డబ్బు వెళ్ళింది. ఈసారి ఇంకో రెండు స్క్వాడ్రన్లకి హైదరాబాద్ పేరు పడింది. స్పిట్‌ఫైర్లు నడిపిన 152, హరికేన్లు నడిపిన 253. రెండూ 1940 బ్రిటన్ గగన యుద్ధంలో పోరాడాయి. 152 చిహ్నంలో ఉన్నది నిజాం దస్తార్, అంటే తలపాగా. దాని నినాదం ‘నమ్మకమైన మిత్రుడు’. రీడింగ్ ఉత్తరం చదివాక ఆ నినాదం చదివితే మనసులో ఏదో గుచ్చుకుంటుంది.

110 స్క్వాడ్రన్ 1937లో మళ్ళీ పుట్టింది. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడు, 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ యుద్ధనౌకల మీద జరిగిన మొట్టమొదటి బ్రిటిష్ బాంబు దాడిలో దీని బ్లెన్‌హైమ్‌లు ఐదు, 107 స్క్వాడ్రన్‌వి ఐదు వెళ్ళాయి. సగం తిరిగి రాలేదు. కూలిన ఒక విమానం ‘ఎమ్డెన్’ అనే నౌకకి తగిలింది. 1914లో మద్రాసు రేవు మీద ఫిరంగులు పేల్చి ఊరు ఊరంతా పారిపోయేలా చేసిన ‘ఎమ్డెన్’ పేరునే మోస్తున్న నౌక అది. 1942లో ఈ స్క్వాడ్రన్ ఇండియాకి వచ్చింది. వెంజెన్స్ డైవ్ బాంబర్లతో, తర్వాత మాస్కిటోలతో బర్మాలో యుద్ధం చేసింది. జపాన్ లొంగిపోయాక కూడా లొంగని ఒక దండు మీద 1945 ఆగస్టు 20న దాడి చేసింది. యుద్ధంలో బ్రిటిష్ విమానదళం మొదటి బాంబుల్లోనూ చివరి బాంబుల్లోనూ హైదరాబాద్ పేరుంది. ఆ తర్వాత రవాణా విమానాలు, హెలికాప్టర్లు నడిపి, 1971 ఫిబ్రవరిలో సింగపూర్‌లో ఆ స్క్వాడ్రన్ ముగిసిపోయింది. అప్పటికి హైదరాబాద్ రాజ్యం పోయి ఇరవై రెండేళ్ళు.

బాంబులు ఇటు తిరిగినప్పుడు

బాంబులు వెయ్యడానికి డబ్బిచ్చిన తెలుగు నేల మీద బాంబులు పడ్డ రోజులు కూడా ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న ‘ర్యూజో’ అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలో జనం మూటాముల్లే సర్దుకుని ఊరొదిలి వెళ్ళిపోయారు. జపాన్ వేసిన బాంబు ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది. పడ్డ నష్టం చిన్నది, భయం పెద్దది. ట్రెంచర్డ్ చెప్పిన ఇరవై రెట్లు ఇదేనేమో. పాతికేళ్ళ కిందట ఫ్రాంక్‌ఫర్ట్ జనానికి ఎలా ఉండి ఉంటుందో, ఆ రోజు మనవాళ్ళకి తెలిసింది.

రెండోసారి 1948. భారత ప్రభుత్వం దిగ్బంధం పెట్టినప్పుడు, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ కరాచీ నుంచి రాత్రిళ్ళు హైదరాబాద్‌కి ఆయుధాలు మోశాడు. అతను వాడిన విమానాలు లాంకాస్ట్రియన్లు. జర్మనీ నగరాల్ని నేలమట్టం చేసిన లాంకాస్టర్ హెవీ బాంబర్‌నే సరుకుల విమానంగా మార్చిన రకం అవి. బీదర్, వరంగల్ ఎయిర్‌ఫీల్డుల్లో దిగేవి. బ్రిటన్‌కి మూడు స్క్వాడ్రన్ల పేరిట డబ్బిచ్చిన రాజ్యానికి, తనదంటూ ఒక్క యుద్ధవిమాన దళం కూడా లేదు. సెప్టెంబర్ 13న పోలీసు చర్య మొదలైంది. భారత వాయుసేన టెంపెస్ట్ విమానాలు నిజాం ఎయిర్‌ఫీల్డుల మీద బాంబులు వేశాయి. 18న ఎల్ ఎద్రూస్ సైన్యం మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయింది. 110 స్క్వాడ్రన్ మొదటి దాడికి వెళ్ళింది 1918 సెప్టెంబర్ 14న. ముప్ఫై ఏళ్ళకి ఒక రోజు తక్కువ. లండన్ నుంచి నమ్మకమైన మిత్రుడి కోసం విమానం ఒక్కటీ రాలేదు. రాకపోవడం మనకి మంచిదే అయింది. రజాకార్ల దౌర్జన్యాలు, చర్య తర్వాత జరిగిన ఊచకోతలు వేరే పెద్ద కథ, అది ఇక్కడ రెండు వాక్యాల్లో తేల్చేది కాదు.

ఆ తర్వాత నెలన్నరకి, 1948 నవంబర్ 2న, స్వతంత్ర భారతదేశపు మొదటి హెవీ బాంబర్ స్క్వాడ్రన్ కాన్పూర్‌లో పుట్టింది. దాని విమానాలు బ్రిటిష్‌వాళ్ళు పోతూ పోతూ కాన్పూర్‌లో తుక్కు కింద వదిలేసిన లిబరేటర్లు. బెంగళూరు హెచ్ఏఎల్ ఇంజనీర్లు వాటిని బాగుచేసి ఎగిరించారు. 1968 దాకా అవి పనిచేశాయి. వాటిలో కేఎన్751 అనే ఒకటి, యుద్ధంలో మద్రాస్ ప్రెసిడెన్సీ స్క్వాడ్రన్‌తో కోకోస్ దీవుల్లో ఉన్న విమానం. 1974లో భారత వాయుసేన దాన్ని బ్రిటన్‌కి బహుమతిగా ఇచ్చింది. అది కూడా ఇప్పుడు రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం సేకరణలోనే, హైదరాబాద్ నెంబర్ 12ఏ ఉన్న సేకరణలోనే ఉంది. తేడా ఏంటంటే, ఈ రెండో బహుమతికి ముందు దాన్ని మనవాళ్ళు తమ చేతులతో బాగుచేసుకున్నారు, తామే నడుపుకున్నారు.

ఈ కథలో ఏది గర్వపడాల్సింది, ఏది సిగ్గుపడాల్సింది అని మార్కులు వెయ్యడం నాకు చేతకాదు. ఒకటి మాత్రం అనిపిస్తుంది. యుద్ధ సామగ్రి మీద పేరు రాసే చోటు చాలా చిన్నది. అందులో ఇచ్చినవాడి పేరు మాత్రమే పడుతుంది. శిస్తు కట్టిన పాలమూరు రైతు పట్టడు, మంటల్లో దూకిన ఇరవయ్యేళ్ళ కుర్రాడు పట్టడు, కింద రైల్వే స్టేషన్ పక్క ఇంట్లో ఉన్న జర్మన్ తల్లి అసలే పట్టదు. వాళ్ళు పట్టే చోటు చరిత్ర రాసే కాగితం ఒక్కటే. నవాబు విమానాలు కొనిచ్చాడని ఇంకోసారి ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే అవునని ఒప్పుకుని, ఆ పదిన్నర టన్నుల లెక్కా, ఆ తొమ్మిది లక్షల లెక్కా కింద జతచేసి పంపండి.